పాత కంప్యూటర్ ఆన్ చేయగానే కీబోర్డు పేచీ పెడితే ఎక్కడ మొదలుపెట్టాలి?

డీటీపీ సెంటర్లలో, హోల్‌సేల్ కొట్లలో, ఆడిటర్ల ఆఫీసుల్లో పాత డెస్క్‌టాప్‌లు ఇంకా రోజూ పనిచేస్తూనే ఉన్నాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టిన పెళ్లిపత్రికలు, కరపత్రాలు, సావనీర్లు అన్నీ వాటిలోనే ఉంటాయి కాబట్టి విండోస్ ఎక్స్‌పీనో విండోస్ 7నో వదిలిపెట్టడం అంత తేలిక కాదు. అలాంటి కంప్యూటర్ ఒకరోజు పొద్దున్నే ఎఫ్1 నొక్కమంటుంది, నొక్కితే పలకదు. లేదంటే బీప్ బీప్ అని ఆపకుండా అరుస్తుంది. ఇంకోసారి అంతా సవ్యంగా వచ్చి సరిగ్గా పాస్‌వర్డ్ దగ్గర మొరాయిస్తుంది.

ఇలా జరిగితే చాలామంది ముందు చేసే పని కొత్త కీబోర్డు కొనడం. తప్పు నిజంగా కీబోర్డులో ఉంటే ఆ ఖర్చుతో పోతుంది. తప్పు బయోస్ (స్విచ్ వేయగానే విండోస్ కన్నా ముందు లేచే, మదర్‌బోర్డులోని చిన్న ప్రోగ్రామ్) సెట్టింగులోనో, మదర్‌బోర్డు మీది బ్యాటరీలోనో, విండోస్‌లోనో ఉంటే కొత్త కీబోర్డు కూడా అదే పేచీ పెడుతుంది. అందుకని డబ్బు తీసే ముందు ఒక్కటి తేల్చుకోండి: స్విచ్ వేసిన తర్వాత ఏ ఘడియ నుంచి తేడా కనిపిస్తోంది? విండోస్ లోగో రాకముందేనా, వచ్చాకా? దీనికి జవాబు దొరికితే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

1. ముందు లైట్లు చూడండి

కంప్యూటర్ పూర్తిగా ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ కళ్లు మానిటర్ మీద కాకుండా కీబోర్డు మీద పెట్టండి. కుడివైపు పైన ఉండే నమ్‌లాక్, క్యాప్స్‌లాక్, స్క్రోల్‌లాక్ లైట్లు మూడూ ఒక్క క్షణం వెలిగి ఆరాలి. కరెంటు అందగానే కీబోర్డు తనను తాను పరీక్షించుకునేటప్పుడు వచ్చే మెరుపు అది. అంటే అది కనిపిస్తే కీబోర్డుకు కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. కంప్యూటర్ దాన్ని గుర్తించిందని కాదు. కొన్ని యూఎస్‌బీ కీబోర్డులు ఇలా మెరవవు కూడా, కంగారు పడకండి.

అసలు పరీక్ష తర్వాతది. బయోస్ తెర మీద, లేదా ఎఫ్1 నొక్కమని ఆగిపోయిన చోట, క్యాప్స్‌లాక్ రెండు మూడు సార్లు కొట్టి చూడండి. ఆ లైటును కీబోర్డు సొంతంగా వెలిగించుకోదు. మీరు నొక్కిన సంగతి కంప్యూటర్‌కు చేరి, అక్కడి నుంచి ‘లైటు వెయ్యి’ అని ఆదేశం వెనక్కి వస్తేనే వెలుగుతుంది. కాబట్టి క్యాప్స్‌లాక్ లైటు మారుతోందంటే వైరు, సాకెట్, కంట్రోలర్ (బోర్డు మీద కీబోర్డుతో మాట్లాడే చిప్పు) అన్నీ పనిచేస్తున్నట్టే. పైసా ఖర్చు లేని ఇంత మంచి పరీక్ష ఇంకొకటి లేదు. బయోస్‌లో క్యాప్స్‌లాక్ పట్టించుకోకపోతే నమ్‌లాక్‌తో చూడండి.

మెరుపూ లేక, క్యాప్స్‌లాక్ కూడా పలకకపోతే కరెంటు అందడం లేదేమో, 3వ అంచెకు వెళ్లండి. మెరుపు ఉండి క్యాప్స్‌లాక్ పలకకపోతే 3, 4, 5 మూడూ చూడాలి. బయోస్‌లో పలికి విండోస్‌లో చచ్చిపోతే నేరుగా 6కు రండి. అన్నిచోట్లా పలుకుతూనే తప్పు అక్షరాలు పడుతుంటే 7తో మొదలుపెట్టండి.

2. ఏదో ఒక కీ నొక్కుకునే ఉందేమో

ఆన్ చేయగానే వరసగా బీప్‌లు వస్తుంటే మొదటి అనుమానం దీని మీదే. బయోస్ దగ్గర కీలను దాచుకునే జాగా చాలా చిన్నది, పదిహేను కీలతో నిండిపోతుంది. ఒక కీ నొక్కుకుని ఉండిపోతే ఆ జాగా నిండి, ఆ తర్వాత వచ్చే ప్రతి దానికీ బీప్ కొడుతుంది. కొన్ని బయోస్‌లు దీన్ని తెర మీద అంకెల్లో చెబుతాయి. ఫీనిక్స్ బయోస్‌లో 0210 అంటే కీ ఇరుక్కుంది, 0211 అంటే కీబోర్డు లోపం. ఐబీఎం పాత యంత్రాల నుంచి వచ్చిన 301 అనే అంకె కూడా కీబోర్డు గురించే.

కీబోర్డును విప్పే ముందు చుట్టూ చూడండి. మన కంప్యూటర్ టేబుళ్లకు ఉండే జారుడు ట్రే ఇందులో పెద్ద దొంగ. ట్రే లోపలికి తోసినప్పుడు పై బల్ల అంచు ఎస్కేప్, ఎఫ్ వరస కీలకు తగిలి నొక్కేస్తుంది. కీబోర్డు వెనక కాళ్లు ఎత్తి పెట్టి ఉంటే మరీనూ. ట్రే బయటికి లాగి ఆన్ చేయండి, సరిపోతే కాళ్లు మడిచేయండి. బిల్లు పుస్తకం, రిజిస్టరు కీబోర్డు మీద ఆనించి పెట్టే అలవాటు ఉన్నా ఇదే జరుగుతుంది.

ఏ కీ ఇరుక్కుందో లక్షణమే చెబుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ సేఫ్ మోడ్ మెనూ వస్తోందంటే ఎఫ్8 మీద కన్నేయండి. అడక్కుండానే బయోస్ సెటప్‌లోకి వెళ్లిపోతుంటే డిలీట్ లేదా ఎఫ్2. నెట్‌వర్క్ నుంచి బూట్ అవ్వాలని చూస్తుంటే, లేదా బూట్ మెనూ తెరుచుకుంటుంటే, ఎక్కువగా ఎఫ్12. ఎంటర్ ఇరుక్కుంటే పాస్‌వర్డ్ పెట్టె ఖాళీగానే వెళ్లిపోయి తప్పు అంటుంది.

ఇంకో సంగతి. బయోస్‌లోకి వెళ్లడానికి కొందరు డిలీట్ కీని స్విచ్ వేసినప్పటి నుంచి అదిమి పట్టుకుంటారు. పాత బోర్డులు దాన్ని కూడా ఇరుక్కున్న కీగానే లెక్కేసి ఎర్రర్ చూపిస్తాయి. అదిమి పట్టకుండా టక్ టక్‌మని కొడుతూ ఉండండి.

ఎవరూ ముట్టుకోకుండా కంప్యూటర్ దానంతట అదే ఆన్ అవుతోందా? దయ్యం కాదు. కీబోర్డుతో ఆన్ అయ్యే సౌకర్యం కొన్ని బోర్డుల బయోస్‌లో ఉంటుంది, ‘పవర్ ఆన్ బై కీబోర్డ్’ అని. అది ఆన్‌లో ఉండి ఒక కీ తడికో తుప్పుకో తనంతట తాను నొక్కుకుంటే చాలు. ఆ సెట్టింగు డిజేబుల్ చేసి చూడండి.

3. వైరు, సాకెట్, ఫ్యూజు

వెనక ఊదా రంగు గుండ్రటి సాకెట్ కీబోర్డుది, ఆకుపచ్చది మౌస్‌ది. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన ఆరు పిన్నుల సాకెట్ ఇది, అందుకే ఆ పేరు నిలిచిపోయింది. రెండింటి ఆకారమూ ఒకటే కాబట్టి తుడిచి మళ్లీ పెట్టేటప్పుడు తారుమారు అవుతుంటాయి. చాలా బోర్డుల్లో అలా పెడితే కీబోర్డూ పలకదు, మౌసూ పలకదు. సగం ఊదా, సగం ఆకుపచ్చ రంగున్న ఒకే సాకెట్ ఉంటే దానికి ఏదైనా పెట్టొచ్చు.

పీఎస్/2 విషయంలో గట్టిగా గుర్తుంచుకోవాల్సింది: కంప్యూటర్ నడుస్తుండగా పీకకండి, పెట్టకండి. యూఎస్‌బీకి అలవాటుపడిన చేతులు ఈ పని తెలియకుండానే చేస్తాయి. ఆన్ అయ్యేటప్పుడు లేని కీబోర్డును తర్వాత పెడితే చాలా యంత్రాలు మళ్లీ ఆన్ చేసేదాకా గుర్తించవు. పైగా నడుస్తుండగా పెట్టేటప్పుడు పిన్నులు షార్ట్ అయితే సాకెట్‌కు కరెంటు ఇచ్చే చిన్న ఫ్యూజు పోవచ్చు. కాబట్టి ముందు షట్‌డౌన్ చేయండి, గోడ దగ్గర స్విచ్ ఆపండి, అప్పుడు ప్లగ్గు తీసి లోపలి పిన్నులు చూడండి. వంగిన పిన్ను ఉంటే సన్నటి ట్వీజర్‌తో నెమ్మదిగా నిలబెట్టండి. ప్లగ్గును తిప్పుతూ తొయ్యకండి, పిన్నులు వంగేది అప్పుడే. బాణం గుర్తు ఎటుందో చూసి నేరుగా పెట్టండి.

ఫ్యూజు పోయిందో లేదో మీటర్ లేకుండా కొంత తెలుసుకోవచ్చు. పీఎస్/2 ఆప్టికల్ మౌస్ ఉంటే దాని కింద ఎర్ర లైటు చూడండి. చాలా బోర్డుల్లో రెండు సాకెట్లకూ ఒకే ఫ్యూజు ఉంటుంది. కీబోర్డు మెరవక, మౌస్ లైటూ లేకపోతే ఫ్యూజు మీదకో, సాకెట్ల పక్కనే ఉండే మూడు పిన్నుల జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న మూత ఉన్న స్విచ్ లాంటిది) మీదకో అనుమానం పోవాలి. కీబోర్డుకు మామూలు 5 వోల్టులు ఇవ్వాలా, కంప్యూటర్ ఆపినా ఉండే స్టాండ్‌బై 5 వోల్టులు ఇవ్వాలా అన్నది ఆ జంపర్ నిర్ణయిస్తుంది. దాని మూత ఊడిపోతే కరెంటే రాదు. ఫ్యూజు మార్చడం సోల్డరింగ్ పని, చేతకాకపోతే మెకానిక్‌కు ఇవ్వండి. అది పెద్ద రిపేరేమీ కాదు. దాని పేరు చెప్పి మదర్‌బోర్డు మార్చాలంటే మాత్రం ఇంకొకరిని అడగండి.

యూఎస్‌బీ కీబోర్డును పచ్చటి లేదా ఊదా రంగు చిన్న కన్వర్టర్‌తో పీఎస్/2లో పెట్టేవాళ్లకు ఒక మాట. ఆ కన్వర్టర్‌లో వైర్లు తప్ప ఏమీ ఉండవు. రెండు పద్ధతులూ తెలిసిన కీబోర్డు అయితేనే దానితో పనిచేస్తుంది, ఇప్పుడొచ్చే వాటిలో చాలా వాటికి పీఎస్/2 తెలియదు. కీబోర్డు మంచిదే అయినా అక్కడ శవంలా పడి ఉంటుంది.

4. ఎఫ్1 నొక్కమంటుంది, ఎఫ్1 పలకదు

కీబోర్డు దొరకలేదు, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కండి అని పాత బయోస్ చెప్పే మాట మీద జోకులు చాలానే ఉన్నాయి. నిజంగా ఇరుక్కున్నవాళ్లకు మాత్రం నవ్వు రాదు. దీని వెనక ఎక్కువగా ఉండేది ఒక గొలుసు.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. గడియారాన్ని, బయోస్ సెట్టింగులను నిలబెట్టేది అదే. కొన్నేళ్లకు అది అయిపోతుంది. ప్లగ్గు తీసి ఉన్న రాత్రో, పొడవైన కరెంటు కోత తర్వాతో సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. పొద్దున్నే సీమోస్ చెక్‌సమ్ ఎర్రర్ అని చూపించి ఎఫ్1 కోసం ఆగుతుంది. చెరిగిపోయిన వాటిలో యూఎస్‌బీ కీబోర్డును బయోస్‌లో పనిచేయించే సెట్టింగు కూడా ఉంటే, మీ కీబోర్డు యూఎస్‌బీది అయితే, ఎఫ్1 ఎంత కొట్టినా వినేవాడు లేడు. సెట్టింగు మార్చాలంటే కీబోర్డు కావాలి, కీబోర్డు పలకాలంటే సెట్టింగు మార్చాలి.

ఈ ముడి విప్పేది పాత పీఎస్/2 కీబోర్డు. ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. హైదరాబాద్ వైపు ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే అందరూ సీటీసీ అనే చోట, అడిగితే పాతది దొరికే అవకాశం ఎక్కువ. కంప్యూటర్ ఆపి, దాన్ని పెట్టి, ఆన్ చేసి లోపలికి వెళ్లండి. పాత యంత్రాలతో రోజూ పని ఉన్నవాళ్లు ఇలాంటిది ఒకటి అటక మీద ఉంచుకోవడం నయం.

బ్యాటరీయే కారణమని ఎలా తెలుస్తుంది? గడియారం చూడండి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే, బ్రౌజర్‌లో ప్రతి సైటూ సర్టిఫికెట్ తప్పు అంటుంటే, బ్యాటరీ పనైపోయింది. మార్చడానికి గోడ దగ్గర ప్లగ్గు తీసేయండి. పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలితే మిగిలిన కరెంటు దిగిపోతుంది. సీపీయూ డబ్బా తెరిచి, లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి తాకి, బ్యాటరీ పక్కనున్న చిన్న క్లిప్పును నొక్కితే బిళ్ల పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. ఆ తర్వాత బయోస్‌లో తేదీ సరిచేసి, కింద చెప్పే సెట్టింగులు చూసుకుని, సేవ్ చేసి బయటికి రండి. బ్యాటరీ మార్చి సేవ్ చేయడం మర్చిపోతే అదే తెర మళ్లీ వస్తుంది.

386, 486 ప్రాసెసర్ల కాలం నాటి బోర్డును దాచుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటిలో చాలా వాటికి బిళ్ల కాదు, బోర్డుకే సోల్డర్ చేసిన 3.6 వోల్టుల పీపా బ్యాటరీ ఉంటుంది. అది కారి చుట్టుపక్కల రాగి గీతలను తినేస్తుంది. చాలా బోర్డుల్లో అది కీబోర్డు సాకెట్ పక్కనే ఉంటుంది కాబట్టి మొదట పోయేది కీబోర్డే. పచ్చటి పొడి కనిపిస్తే ముందు బ్యాటరీ కత్తిరించి తీసేయండి. వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనివ్వండి.

5. బయోస్‌లో చూడాల్సినవి

డిలీట్, ఎఫ్2, ఎఫ్10 లలో ఏదో ఒకటి మీ యంత్రంలో బయోస్ తెరుస్తుంది, ఆన్ చేయగానే తెర కింద రాసే ఉంటుంది. లోపల ‘యూఎస్‌బీ లెగసీ సపోర్ట్’ లేదా ‘యూఎస్‌బీ కీబోర్డ్ సపోర్ట్’ అనే మాట వెతికి ఎనేబుల్ చేయండి. ‘బూట్ అప్ నమ్‌లాక్ స్టేటస్’ మీకు కావాల్సినట్టు పెట్టుకోండి. అవార్డ్ బయోస్‌లో ‘హాల్ట్ ఆన్’ అని ఒకటుంటుంది. దాన్ని ‘ఆల్, బట్ కీబోర్డ్’ చేస్తే కీబోర్డు లోపం ఉన్నా ఎఫ్1 కోసం ఆగకుండా ముందుకు పోతుంది.

యూఎస్‌బీ కీబోర్డును ముందు వైపు పోర్టులోనో హబ్‌లోనో పెట్టి ఉంటే తీసి, వెనక మదర్‌బోర్డు మీదే ఉన్న నల్ల పోర్టులో పెట్టండి. బ్లూటూత్ కీబోర్డు మీద బయోస్‌లో ఆశ పెట్టుకోకండి. చిన్న రిసీవర్‌తో వచ్చే వైర్‌లెస్‌వి యూఎస్‌బీ కీబోర్డులాగే కనిపిస్తాయి కాబట్టి సాధారణంగా నడుస్తాయి.

6. బయోస్‌లో బాగుండి విండోస్‌లో పోతే

తప్పు ఇక కీబోర్డుది కాదు. విండోస్ 7 వాడుతూ కీబోర్డును నీలం రంగు యూఎస్‌బీ పోర్టులో పెట్టారేమో చూడండి. విండోస్ 7తో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ రాదు. బయోస్ సొంతంగా ఆ పోర్టును నడుపుతుంది కాబట్టి అక్కడ కీబోర్డు చక్కగా పలుకుతుంది. విండోస్ చేతికి తీసుకోగానే లైట్లు ఆరిపోతాయి. నల్ల పోర్టుకు మారిస్తే అయిపోయింది. అయితే 2015లో వచ్చిన ఆరో తరం ఇంటెల్ బోర్డుల్లో రంగు ఏదైనా పోర్టులన్నీ కొత్త కంట్రోలర్ మీదే నడుస్తాయి. వాటిలో విండోస్ 7 వేయాలంటే పీఎస్/2 కీబోర్డు ఉంటే పని సుఖం.

పోర్టు మార్చాక మొదటిసారి విండోస్ డ్రైవర్‌ను మళ్లీ పెట్టుకుంటుంది. ఎక్స్‌పీలో అయితే కొత్త హార్డ్‌వేర్ పెట్టె వచ్చి మౌస్‌తో నెక్స్ట్ నొక్కమనొచ్చు. ఓ నిమిషం ఆగండి.

పాత యంత్రంలో విండోస్ 8 లేదా 10 వేసుకున్నవాళ్లకు ఇంకో లక్షణం కనిపిస్తుంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే కీబోర్డు పలకదు, రీస్టార్ట్ చేస్తే పలుకుతుంది. ఇది ఫాస్ట్ స్టార్టప్ పని. అది ఉన్నప్పుడు షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, కొంత భాగం డిస్కులో దాచుకుని మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో చెప్పే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి.

7. పలుకుతోంది, కానీ పాస్‌వర్డ్ తప్పంటోంది

ఇక్కడ టెన్షన్ పడి పాస్‌వర్డ్ రీసెట్ చేయించుకునేవాళ్లు ఉన్నారు. ముందు నమ్‌లాక్ చూడండి. డెస్క్‌టాప్‌లో అది ఆరి ఉంటే కుడివైపు అంకెల గడి బాణాల్లా పనిచేస్తుంది, అంకెలు పడవు. పాత చిన్న లాప్‌టాప్‌లో అది వెలిగి ఉంటే ఉల్టా: జే, కే, ఎల్ కొడితే 1, 2, 3 పడతాయి. యూ, ఐ, ఓ కొడితే 4, 5, 6 పడతాయి. ఎం కొడితే సున్నా. ఎఫ్ఎన్ కీతో కలిపి నమ్‌లాక్ కొట్టి ఆపండి.

తర్వాత భాష. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు టైపింగ్ కీబోర్డు అమరిక) కూడా పెట్టుకున్న కంప్యూటర్లలో లాగిన్ తెర మీద ఒక మూల చిన్న అక్షరాల్లో ఏ భాష ఉందో కనిపిస్తుంది. అక్కడ తెలుగు ఉంటే మీరు కొట్టే పాస్‌వర్డ్ చుక్కల వెనక తెలుగు అక్షరాలుగా పడుతోంది. ఎడమ ఆల్ట్‌తో షిఫ్ట్ కొడితే మారుతుంది. భాష ఇంగ్లిషే అయినా లండన్ రకం పెట్టి ఉండొచ్చు. అమెరికా కీబోర్డులో 2 మీద ఉండే @, యునైటెడ్ కింగ్‌డమ్ రకంలో కొటేషన్ గుర్తుతో చోటు మార్చుకుంటుంది. ఈమెయిల్ రాస్తుంటే @ బదులు కొటేషన్ పడుతోందని ఫిర్యాదు చేసేవాళ్ల సంగతి ఇదే. విండోస్ 7 లాగిన్ తెర ఎడమవైపు కింద ఉండే గుర్తు నొక్కి ఆన్‌స్క్రీన్ కీబోర్డు తెప్పిస్తే ఏ కీలో ఏ అక్షరం ఉందో కనబడుతుంది. మౌస్‌తోనే పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లొచ్చు కూడా.

ప్రతి కీని కాసేపు నొక్కి పట్టుకుంటేనే అక్షరం పడుతోందా? కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు పట్టుకుంటే వచ్చే ఫిల్టర్ కీస్ ఆన్ అయి ఉంటుంది. అలాగే మళ్లీ ఎనిమిది సెకన్లు పట్టుకుంటే పోతుంది. షిఫ్ట్ వదిలినా నొక్కినట్టే ఉంటే స్టిక్కీ కీస్. అది షిఫ్ట్ ఐదుసార్లు కొడితే వస్తుంది. పిల్లలు గేములు ఆడిన మర్నాడు ఇవి కనిపించడం మామూలే.

8. ఇంకా కుదరకపోతే

కీబోర్డునే విప్పాలనుకుంటే ముందు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి, కీలు ఏది ఎక్కడో తర్వాత గుర్తుండదు. స్పేస్‌బార్ కింద ఇనుప తీగ ఉంటుంది, బలంగా లాగకండి. టీవీఎస్ గోల్డ్ లాంటి మెకానికల్ కీబోర్డుల్లో ప్రతి కీకీ విడి స్విచ్ ఉంటుంది కాబట్టి పోతే ఒక్కటే పోతుంది, ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తే చాలాసార్లు తిరిగి లేస్తుంది. మామూలు వాటిలో ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. టీ ఒలికి, సంబంధం లేనట్టు కనిపించే నాలుగైదు కీలు కలిసి పోయాయంటే ఆ పొర మీది గీత ఒకటి తెగిందని. దాని మీద సమయం పెట్టడం దండగ, ఇక్కడ మాత్రం కొత్తది కొనండి. లాప్‌టాప్‌లో కీలు ఒకవైపు ఉబ్బినట్టు లేచి ఉంటే అడుగున బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బితే వెంటనే ఆపేసి, ఛార్జింగ్ పెట్టకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

మంచి కీబోర్డు పెట్టినా, ఫ్యూజు బాగున్నా, ఏఎంఐ బయోస్ ఉన్న బోర్డు ఆరు బీప్‌లు కొట్టి ఆగిపోతుంటే కీబోర్డు కంట్రోలరే దెబ్బతింది. 1984 నాటి ఐబీఎం ఏటీ కంప్యూటర్‌లో 8042 అనే విడి చిప్పు చేసిన పని తర్వాత బోర్డులోని పెద్ద చిప్పుల్లో కలిసిపోయింది కాబట్టి దాన్నొక్కదాన్నే మార్చడం కుదరదు. అంతదాకా రాకుండా పీఎస్/2 సాకెట్ మాత్రమే చెడితే, ‘హాల్ట్ ఆన్’ మార్చి యూఎస్‌బీ కీబోర్డుతో నడిపించుకోవచ్చు. యూఎస్‌బీ పోర్టులూ పోతే పీసీఐ స్లాటులో (మదర్‌బోర్డు మీద అదనపు కార్డులు గుచ్చే చోట) యూఎస్‌బీ కార్డు పెట్టుకోవచ్చు. కార్డుకు పెట్టిన కీబోర్డు సాధారణంగా బయోస్‌లో పలకదు, విండోస్ వచ్చాకే పలుకుతుంది. అందుకని కార్డు పెట్టే ముందే, పలికే కీబోర్డు ఏదో ఒకటి చేతిలో ఉండగానే, బయోస్ సెట్టింగులన్నీ సరిచేసి సేవ్ చేసి పెట్టుకోండి.